ఆ అయిదు రోజుల తర్వాత: హైదరాబాద్ యుద్ధంపై వాదాల సమీక్ష

ఏటా సెప్టెంబర్ 17న తెలంగాణ జిల్లా కేంద్రాల్లో జెండా ఎగురుతుంది. 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఆ వేడుకకు జాతీయ సమైక్యతా దినోత్సవమని పేరు పెట్టింది. ప్రభుత్వం మారాక 2024లో అది ప్రజా పాలన దినోత్సవమైంది. అదే రోజు సికింద్రాబాద్ పరేడ్ మైదానంలో కేంద్రం హైదరాబాద్ విమోచన దినం జరుపుతోంది. 2024 మార్చిలో ఆ పేరును అధికారికంగా ప్రకటించింది కూడా. వామపక్షాలకు అది సాయుధ పోరాట వారోత్సవాల ఆఖరి రోజు, విలీన దినం. విప్లవ సంఘాలకు విద్రోహ దినం. జహీరాబాద్ దాటి బీదర్ చేరితే కర్ణాటక ప్రభుత్వం కల్యాణ కర్ణాటక ఉత్సవం చేస్తుంటుంది. నాందేడ్‌లో మహారాష్ట్ర ప్రభుత్వం మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినం జరుపుతుంటుంది. పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీల్లో ఈ మూడు ప్రాంతాల వాళ్లూ ఒకే షిఫ్టులో పనిచేస్తారు. వాళ్ల తాతలు 1948 దాకా ఒకే నిజాం ఏలుబడిలో బతికారు, ఒకే హాలీ సిక్కా రూపాయి వాడారు.

ఇన్ని పేర్లకు మూలం ఒక చిన్న యుద్ధం. స్వతంత్ర భారతానికి అప్పటికి పదమూడు నెలలు. కశ్మీరులో మొదటి యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది. ఆ సమయంలో దేశం నడిబొడ్డున మరో సైన్యంతో తలపడి, దానికి పోలీసు చర్య అని పేరు పెట్టింది ఢిల్లీ. ఆ చర్య భారత రాజ్యాన్ని ఎలా తీర్చిదిద్దింది, తెలంగాణ అస్తిత్వాన్ని ఎలా మలిచింది అన్న వాదం డెబ్బై ఏళ్లు దాటినా సద్దుమణగలేదు. సినిమాలు, సభలు, ఎన్నికల ప్రసంగాలు చేరి అది మరింత చిక్కుపడింది. 2024లో వచ్చిన 'రజాకార్' సినిమా చుట్టూ నడిచిన వాదోపవాదాల్లో పాత ప్రశ్నలన్నీ మళ్లీ పైకి వచ్చాయి, జవాబులు మాత్రం రాలేదు. అందుకే ఎవరేమంటున్నారో, ఏ ఆధారంతో అంటున్నారో ఒకసారి వరుసగా చూడడం అవసరం.

యుద్ధానికి ముందరి నేల

హైదరాబాద్ సంస్థానం విస్తీర్ణం దాదాపు 82 వేల చదరపు మైళ్లు. 1941 లెక్కల ప్రకారం జనాభా కోటీ అరవై లక్షల పైచిలుకు. పదహారు జిల్లాల్లో తెలుగువి ఎనిమిది, మరాఠీవి అయిదు, కన్నడవి మూడు. పాలనా భాష ఉర్దూ. భూమిలో సింహభాగం దివానీది, అంటే ప్రభుత్వానిది, మిగిలింది జాగీర్దార్లది, నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫెఖాస్‌ది. పల్లెల్లో దేశ్‌ముఖులు, దొరలు, వెట్టి.

ఈ నేల మీద రాజకీయం ఎలా మొలకెత్తిందో చూడాలంటే పాత మెదక్‌లో భాగమైన నేటి సంగారెడ్డి జిల్లా చాలు. 1930లో తొలి ఆంధ్ర మహాసభ జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది. జోగిపేటను ఆనుకొని ఉన్న అందోల్‌లోనే 1908లో మఖ్దూం మొహియుద్దీన్ పుట్టాడు. ఉర్దూ కవి, కార్మిక నాయకుడు, నిజాం మీద ఆయుధం పట్టమని పిలుపునిచ్చిన ముగ్గురిలో ఒకడు. 1944లో భువనగిరి సభలో మహాసభ అతివాదుల చేతికి వచ్చాక జాతీయవాదులు వేరుపడ్డారు. వాళ్లు 1946లో సభ జరుపుకున్నది సంగారెడ్డి పక్కనున్న కందిలో, జమలాపురం కేశవరావు అధ్యక్షతన. ఇప్పుడు అక్కడ ఐఐటీ ఉంది. భాషాభిమానం, జాతీయవాదం, కమ్యూనిజం, ఉర్దూ సంస్కృతి అనే నాలుగు పాయలూ కొద్ది మైళ్ల లోపలే ఉన్నాయన్నమాట. తర్వాతి కాలపు చరిత్రకారులు వాటిని నాలుగు వేర్వేరు చరిత్రలుగా రాశారు.

1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక రైతు పోరాటం ఊళ్లకు ఊళ్లను చుట్టుకుంది. 1947 ఆగస్టులో దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా నిజాం ఇటు చేరలేదు, అటు చేరలేదు. నవంబర్ 29న భారత్‌తో ఏడాది గడువుతో యథాతథ ఒప్పందం కుదిరింది. ఆ గడువులోనే మజ్లిస్ నేత కాసిం రజ్వీ నాయకత్వంలో ఆ పార్టీ సాయుధ కార్యకర్తలైన రజాకార్ల బలం పెరిగింది. 1948 ఆగస్టులో 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను హైదరాబాద్‌లో నరికి చంపారు. అదే నెల బైరాన్‌పల్లిలో బురుజెక్కి ఎదిరించిన ఊరి మీద సామూహిక హత్యాకాండ జరిగింది. పల్లె జ్ఞాపకంలో ఇదంతా ఒకే మాటగా మిగిలింది: రజాకార్ల జమాన.

అయిదు రోజులు

1948 సెప్టెంబర్ 13 తెల్లవారుజామున భారత సైన్యం ఆపరేషన్ పోలో మొదలుపెట్టింది. పడమట సోలాపూర్ నుంచి మేజర్ జనరల్ జె.ఎన్.చౌధురి, తూర్పున విజయవాడ నుంచి మేజర్ జనరల్ ఎ.ఎ.రుద్ర దళాలు నడిపారు. ప్రధాన దాడి పడమటిదే. నల్దుర్గ్ మీదుగా వచ్చిన దళాలు 16న జహీరాబాద్ దగ్గర మందుపాతరలను తొలగించుకుంటూ, చాటు నుంచి కాల్పులు జరిపిన రజాకార్లను ఎదుర్కొంటూ ముందుకు సాగాయి. జహీరాబాద్ నుంచి సదాశివపేట, సంగారెడ్డి, పటాన్‌చెరుల మీదుగా రాజధానికి వెళ్లే ఆ పాత బాటే నేటి 65వ జాతీయ రహదారి, ఇక్కడి వాళ్లు బొంబాయి హైవే అనే రోడ్డు. 17 సాయంత్రం నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న హైదరాబాద్ సేనాని ఎల్ ఎద్రూస్ చౌధురికి లొంగిపోయాడు. ఐక్యరాజ్య సమితి భద్రతా మండలిలో వేసిన ఫిర్యాదును నిజాం కొద్ది రోజులకే వెనక్కి తీసుకున్నాడు.

ఇక్కడ ఒక వివరం చాలా వాదాల్లో మరుగున పడుతోంది. సెప్టెంబర్ 17న నిజాం ఏ విలీన పత్రం మీదా సంతకం చేయలేదు. భారత రాజ్యాంగాన్ని హైదరాబాద్‌కు వర్తింపజేస్తూ ఆయన ఫర్మానా ఇచ్చింది 1949 నవంబర్ 23న. 1950 జనవరి 26న అదే నిజాం రాజప్రముఖ్ అయ్యాడు, 1956 అక్టోబర్ 31 దాకా కొనసాగాడు. కాబట్టి 'విలీనం' అన్నవారు చట్టాన్ని చూస్తే తేదీ తప్పుతున్నారు. 'రాజరికం కూలింది' అన్నవారికి రాజప్రముఖ్ పదవి అడ్డొస్తుంది. ఒకే రోజు మీద పెట్టిన పేరు ఏదైనా ఇలాంటి ఇబ్బందే ఎదుర్కొంటుంది. జరిగింది ఒక్కటి కాదు, నాలుగు. ఒక సంస్థానం సార్వభౌమత్వం ముగిసింది. రజాకార్ల పీడన ముగిసింది. ఒక రైతు పోరాటం మీదికి కొత్త సైన్యం వచ్చింది. ఒక మతం వాళ్ల మీద ప్రతీకార హింస సాగింది. ఒక్కో వాదం వీటిలో ఒకదాన్ని పట్టుకొని మిగతా మూడింటినీ చిన్నవి చేసింది.

ఢిల్లీ చెప్పిన కథ

మొదటి పెద్ద కథనం అధికారులది. సంస్థానాల విలీనంపై వి.పి.మీనన్ 1956లో, హైదరాబాద్‌లో భారత ఏజెంట్ జనరల్‌గా పనిచేసిన కె.ఎం.మున్షీ 1957లో పుస్తకాలు రాశారు. వాటి ప్రకారం ఇది దేశ సమగ్రత కోసం తప్పనిసరై చేసిన శస్త్రచికిత్స. ఆ అయిదు రోజుల్లో దేశంలో మరెక్కడా మతకల్లోలం చెలరేగకపోవడం సెక్యులర్ రాజ్యానికి తొలి పరీక్షలో గెలుపు. స్టేట్ కాంగ్రెస్ నేత స్వామి రామానంద తీర్థ జ్ఞాపకాలు దీనికి స్థానిక సత్యాగ్రహుల కోణాన్ని చేర్చాయి: 1938లో పుట్టగానే నిషేధానికి గురైన పార్టీ, 1947 ఆగస్టు నాటి 'జాయిన్ ఇండియా' ఉద్యమం, సరిహద్దు శిబిరాలు.

ఈ కథనం బలం ఏమిటంటే, యుద్ధం ఎందుకు వచ్చిందో అది స్పష్టంగా చెబుతుంది. సముద్రం లేని, చుట్టూ భారతదేశమే ఉన్న సంస్థానం జనంలో అత్యధికుల ఇష్టానికి విరుద్ధంగా స్వతంత్రంగా నిలవడం సాధ్యమయ్యేది కాదు. బలహీనత, అది 18వ తేదీ సాయంత్రంతో ఆగిపోవడం. ఆ తర్వాత ఏం జరిగిందన్న ప్రశ్నకు అందులో దాదాపు జవాబు లేదు. ఇటీవలి విమోచన వాదం ఇదే కథనాన్ని తీసుకొని, రాజ్యాల మధ్య జరిగిన దాన్ని మతాల మధ్య జరిగినదిగా మారుస్తోంది. షోయబుల్లా ఖాన్, మఖ్దూం అందులో ఇమడరు. రజాకార్లను ఎదిరించి ప్రాణమిచ్చిన ముస్లింకు, నిజాంను ఎదిరించి జైలుకు వెళ్లిన ముస్లింకు చోటివ్వని చరిత్ర మెదక్ నేలకు సరిపోదు.

ఎర్ర జెండా కథ

రెండో కథనం కమ్యూనిస్టులది. 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. మూడు వేల గ్రామాల్లో ప్రజారాజ్యాలు, పది లక్షల ఎకరాల పంపకం, నాలుగు వేల మంది అమరులు అని పార్టీ లెక్క. పుచ్చలపల్లి సుందరయ్య 1972 నాటి గ్రంథం దీనికి ప్రధాన ఆధారం. ఆ పుస్తకం వాదన ప్రకారం, భారత సైన్యం వచ్చిన అసలు కారణం నిజాం కంటే రైతు పోరాటమే. సైన్యం వెనుకే దొరలు గడీలకు తిరిగి వచ్చారు. 1979లో తీసిన 'మా భూమి' సినిమా ఈ దృష్టిని జనం కళ్ల ముందు నిలిపింది.

ఈ శిబిరంలోనే పెద్ద చీలిక ఉంది. సైన్యం వచ్చాక ఆయుధాలు దించాలని రావి నారాయణరెడ్డి వంటివారు, కొనసాగించాలని మరికొందరు వాదించారు. పోరాటం సాగి 1951 అక్టోబర్ 21న ఆగింది. నాలుగు నెలల్లోపే వచ్చిన తొలి సాధారణ ఎన్నికల్లో రావి నారాయణరెడ్డి నల్గొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచాడు. ఈ ఒక్క ఫలితం రెండు పక్షాలకూ ఆధారంగా ఉపయోగపడుతూనే ఉంది: ప్రజలు పోరాటం వెంట ఉన్నారని ఒకరు, బ్యాలెట్ దారి ముందే తెరిచి ఉండాల్సిందని మరొకరు.

సైన్యం ఒక్క రైతు కోసమే వచ్చిందన్నది నిలవదు. రజాకార్లు, యథాతథ ఒప్పందం విఫలం కావడం, కశ్మీరు యుద్ధ నేపథ్యం తీసేసి ఆ నిర్ణయాన్ని అర్థం చేసుకోలేం. సైన్యం మూడేళ్లు ఉండిపోయింది మాత్రం రైతు మీదే. యువ రాజ్యపు చట్టం మీద ఆ మూడేళ్లు వేసిన ముద్ర ఇంకా తగినంత చర్చకు రాలేదు. సైనిక ప్రభుత్వం నియమించిన ప్రత్యేక ట్రిబ్యునళ్లు తెలంగాణ రైతు ఖైదీలు పన్నెండు మందికి ఉరిశిక్ష వేశాయి. వాళ్ల తరఫున వాదించడానికి ఇంగ్లండ్ నుంచి న్యాయవాది డి.ఎన్.ప్రిట్ వచ్చాడు. రాజ్యాంగం రాకముందు ముగిసిన విచారణకు ప్రాథమిక హక్కులు వర్తించవని 1951 నాటి జనార్దనరెడ్డి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉరిశిక్షలు ఆ తర్వాత రద్దయ్యాయి, తీర్పు నిలిచిపోయింది. కొత్త గణతంత్రం తన పౌరులకు ఏ క్షణం నుంచి జవాబుదారీ అన్న ప్రశ్న మొదటగా వచ్చిన కేసుల్లో అదొకటి, అది పుట్టింది ఈ యుద్ధం నుంచే.

భూమి విషయంలో కూడా ఫలితం రెండు ముఖాలుగా ఉంది. 1949 ఆగస్టులో సైనిక ప్రభుత్వం జాగీర్లను రద్దు చేసింది. 1950లో కౌలు రక్షణ చట్టం వచ్చింది. దేశంలో తొలి నాటి బలమైన కౌలు చట్టాల్లో అదొకటి. పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న భూదానం మొదలైంది. పోరాటాన్ని అణచిన చేయి, పోరాటం అడిగిన దాంట్లో కొంత ఇచ్చింది. భయం లేకుంటే అది కూడా ఇచ్చేది కాదన్న కమ్యూనిస్టుల మాట ఇక్కడ సరైనదే.

ఓడినవారి కథ, లెక్కలేని చావులు

మూడో కథనం చాలాకాలం ఉర్దూ, ఇంగ్లిష్ పాఠకులకే పరిమితమైంది. నిజాం ప్రధాని లాయక్ అలీ 1962లో కరాచీ నుంచి ప్రచురించిన పుస్తకం సంస్థానం కూలిన తీరును ఒక విషాదంగా చెప్పింది. ఒమర్ ఖాలిదీ 1988లో కూర్చిన వ్యాసాల సంపుటి, 2013లో ఎ.జి.నూరానీ గ్రంథం ఆ దారిలోవే. లాయక్ అలీ రాసింది పాలకుడి సమర్థన. రజాకార్ల పట్ల ఆయన మెతక వైఖరిని ఏ నిజాయితీ గల చరిత్రా ఒప్పుకోదు. ఆ సమర్థనను పక్కన పెట్టినా మిగిలే వాస్తవం ఒకటుంది. దాన్ని తప్పించుకొని ఈ చర్చ ముందుకు సాగడం న్యాయం కాదు.

నెహ్రూ కోరిక మీద పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ 1948 నవంబర్, డిసెంబర్ నెలల్లో సంస్థానంలోని పదహారు జిల్లాల్లో తొమ్మిదింటిలో పర్యటించారు. వాళ్ల నివేదిక ప్రకారం అతి తక్కువగా వేసుకున్నా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లోనే 18 వేలకు తగ్గరు. ఔరంగాబాద్, బీడ్, నల్గొండ, మెదక్ జిల్లాల్లో కనీసం అయిదు వేలు. చంపినవారిలో రజాకార్ల దుర్మార్గాన్ని అనుభవించి కసితో ఉన్న స్థానికులున్నారు, బయటి నుంచి వచ్చిన ముఠాలున్నాయి, కొన్నిచోట్ల సైనికుల పాత్ర కూడా ఉందని ఆ నివేదిక చెప్పింది. ప్రాణాలకు తెగించి ముస్లిం పొరుగువారిని కాపాడిన హిందువుల గురించి కూడా అదే నివేదిక చెప్పింది. హోంమంత్రి పటేల్ ఆ నివేదికను తోసిపుచ్చాడు. దశాబ్దాల పాటు అది బయటికి రాలేదు. 2013 నాటికి గానీ ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో పరిశోధకులకు అందుబాటులోకి రాలేదు.

గడిచిన పదిహేనేళ్లలో కొత్త పరిశోధన చర్చను మార్చింది ఈ విషయంలోనే. సునీల్ పురుషోత్తం ఆ హింసను భారత రాజ్యం తన సార్వభౌమత్వాన్ని స్థాపించుకున్న తీరులో భాగంగా చూశాడు. టేలర్ షెర్మన్ 2015 నాటి పుస్తకం హింస తర్వాతి దశ మీద దృష్టి పెట్టింది: నిర్బంధించిన వేలమందిని ఏం చేయాలి, ఉద్యోగాల నుంచి తీసేసిన ముస్లింల సంగతేమిటి, ఎవరు ఈ దేశ పౌరులు అన్న ప్రశ్నలకు అధికారులు రోజువారీగా ఇచ్చిన జవాబుల నుంచే సెక్యులర్ పౌరసత్వం రూపు కట్టిందని చూపింది. మిగతా దేశంలో అల్లర్లు లేవన్న ఢిల్లీ గర్వమూ, సంస్థానం లోపల వేలమంది చనిపోయారన్న నివేదికా రెండూ ఏకకాలంలో నిజం. దానికి రాజకీయ పర్యవసానం కూడా ఉంది. 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయే ముందు రజ్వీ అప్పగించిన మజ్లిస్‌ను 1958 నుంచి అబ్దుల్ వాహెద్ ఒవైసీ కొత్త రాజ్యాంగంతో నడిపించాడు. పాతబస్తీలో ఆ పార్టీ వేళ్లూనుకోవడానికి నిజాం జ్ఞాపకం కంటే 1948 తర్వాతి అభద్రతే ఎక్కువ కారణం.

ముల్కీ కథ

నాలుగో కథనం తెలంగాణవాదులది. యుద్ధాన్ని కాదు, యుద్ధం తర్వాత వచ్చిన అధికారులను వాళ్లు మొదటి ప్రశ్నగా తీసుకుంటారు. 1949 చివరి దాకా చౌధురి సైనిక పాలన. తర్వాత ఐసీఎస్ అధికారి ఎం.కె.వెల్లోడి. ఎన్నికైన తొలి ముఖ్యమంత్రిగా బూర్గుల రామకృష్ణారావు వచ్చింది 1952 మార్చిలో. ఆ మూడున్నరేళ్లలో ఉర్దూ పాలన ఇంగ్లిష్‌లోకి మారింది. మద్రాసు, బొంబాయి, మధ్య పరగణాల నుంచి ఉద్యోగులు, టీచర్లు వచ్చారు. ఉర్దూలో చదువుకున్న స్థానికుడికి, హిందువైనా ముస్లిమైనా, కొలువులో చోటు తగ్గింది. కొలువులు స్థానికులకే (ముల్కీలకే) అన్న 1919 నాటి నిజాం ముల్కీ నిబంధనలను పక్కకు నెట్టి తప్పుడు ముల్కీ సర్టిఫికెట్లు పుట్టాయి. 1952 సెప్టెంబర్ 3, 4 తేదీల్లో హైదరాబాద్‌లో గైర్ ముల్కీలకు (స్థానికేతరులకు) వ్యతిరేకంగా లేచిన విద్యార్థుల మీద కాల్పులు జరిగాయి.

విమోచనకు నాలుగేళ్లు నిండకముందే విమోచకుల యంత్రాంగం మీద తిరుగుబాటు. ఈ సంగతి మొత్తం చర్చలో కీలకమని నా అభిప్రాయం. 1953లో ఏర్పడి 1955లో నివేదిక ఇచ్చిన ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను కొంతకాలం విడిగా హైదరాబాద్ రాష్ట్రంగా ఉంచమంది. 1956 పెద్దమనుషుల ఒప్పందం, 1969 ఉద్యమం, 1972లో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలను సమర్థించడం, దానిమీద జై ఆంధ్ర ఉద్యమం, 1973 ఆరు సూత్రాలు, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985లో 610 జీవో, చివరికి 2014లో ప్రత్యేక రాష్ట్రం. ఈ గొలుసులో మొదటి లంకె 1948 సెప్టెంబరే. తెలంగాణ అస్తిత్వం యుద్ధంలో పుట్టలేదు, యుద్ధం తర్వాత వచ్చిన పాలనలో పుట్టింది.

ఈ కథనం లోపం కూడా చెప్పాలి. నిజాం కాలాన్ని మెత్తబరచడం దీనికి అలవాటైంది. 1929 నాటి పారిశ్రామిక ట్రస్టు నిధి, బోధన్ చక్కెర కర్మాగారం, ఆల్విన్, ఆజంజాహి మిల్లు నిజమే. వెట్టి, గడీ, నిషేధించిన సభలు కూడా అంతే నిజం. ఆంధ్ర వలసవాదాన్ని ఎండగట్టడానికి నిజాంను ఆదర్శ రాజుగా నిలబెట్టాల్సిన అవసరం లేదు.

చివరి వరుసల్లో మిగిలినవారు

దళిత రాజకీయం ఈ నాలుగు కథల్లోనూ పూర్తిగా ఇమడదు. బి.ఎస్.వెంకటరావు లాయక్ అలీ మంత్రివర్గంలో విద్యామంత్రిగా ఉన్నాడు. అణగారిన కులాల చదువుకు నిజాం ప్రభుత్వం కోటి రూపాయల నిధి ఇచ్చింది. శ్యామ్ సుందర్ భద్రతా మండలికి వెళ్లిన హైదరాబాద్ బృందంలో సభ్యుడు. వీళ్లను ద్రోహులనడం తేలిక. సవర్ణ కాంగ్రెస్ చేతికి అధికారం వస్తే తమకు ఏం మిగులుతుందన్న వాళ్ల భయం ఊహలోంచి వచ్చింది కాదు. పి.ఆర్.వెంకటస్వామి 1955లో రాసిన చరిత్ర చదివితే ఆ లోకం అర్థమవుతుంది. స్త్రీల విషయంలో 1986 నాటి 'మనకు తెలియని మన చరిత్ర' ఒక్క పుస్తకమే ఎన్నో గ్రంథాలకు సమానం. దళాల్లో తుపాకీ పట్టిన స్త్రీలు పోరాటం ఆగాక వంటింటికి తిరిగి వెళ్లాల్సి వచ్చిందని వాళ్ల నోటనే చెప్పించింది.

పక్కపక్కన పెట్టి చూస్తే

ఢిల్లీ కథనం యుద్ధానికి కారణాన్ని బాగా చెబుతుంది, పర్యవసానాన్ని దాటేస్తుంది. కమ్యూనిస్టు కథనం ఊరి లోపలి వర్గ సంబంధాలను అందరికంటే లోతుగా చూసింది, మతం పేర జరిగిన హత్యలకు తగిన చోటివ్వలేదు. మూడో కథనం ఆ చావులను ముందుకు తెచ్చింది, రజాకార్ల బాధ్యతను తగ్గించింది. ముల్కీ కథనం ఒక్కటే 1948ని 2014తో కలిపింది, 1948కి ముందున్న పీడనను పలచన చేసింది.

పాత సంస్థానపు మూడు ముక్కలను పోల్చి చూసినవారు తక్కువ. 1956లో బీదర్, గుల్బర్గా, రాయచూర్ కన్నడ రాష్ట్రానికి, మరాఠ్వాడా మొదట బొంబాయికి, తర్వాత మహారాష్ట్రకు వెళ్లాయి. మూడు చోట్లా వెనుకబాటు ఫిర్యాదు ఒకటే. మరాఠ్వాడాకు 371(2) అధికరణం కింద అభివృద్ధి మండలి హామీ, హైదరాబాద్ కర్ణాటకకు, అంటే నేటి కల్యాణ కర్ణాటకకు, 2012 రాజ్యాంగ సవరణతో 371జె. తెలంగాణకు మాత్రమే రాష్ట్రం. వెనుకబాటు ఒక్కటే కారణమైతే మూడు రాష్ట్రాలు రావాలి. తేడా చేసింది రాజధాని. హైదరాబాద్ నగరం తెలంగాణ వైపు మిగిలింది కాబట్టి ఉద్యోగాల తగవు, భూముల తగవు ఇక్కడే తీవ్రమైంది.

ప్రపంచంలో ఇలాంటి కథలు ఇంకా ఉన్నాయి. 1917 డిసెంబర్‌లో స్వతంత్రమైన ఫిన్లండ్ మరుసటి నెలలోనే అంతర్యుద్ధంలో పడింది. గెలిచిన శ్వేత పక్షానికి అది స్వాతంత్ర్య యుద్ధం, ఓడిన ఎర్ర పక్షానికి వర్గ పోరాటం. ఐర్లండ్‌లో 1922-23 అంతర్యుద్ధపు రెండు పక్షాలే రెండు ప్రధాన పార్టీలయ్యాయి. అవి కలిసి మంత్రివర్గం ఏర్పాటు చేయడానికి 2020 దాకా పట్టింది. ఫిన్లండ్ మాత్రం పేరు తగవు తీరేదాకా ఆగలేదు. 1998లో అక్కడి ప్రభుత్వం ఒక పరిశోధన మొదలుపెట్టి, ఆ కాలంలో చనిపోయినవారందరి పేర్లూ, ఏ పక్షమైనా సరే, ఒక్క జాబితాలోకి చేర్చింది.

ఫ్యాక్టరీ గేటు దగ్గర

పటాన్‌చెరు పట్టీలో ఈ చరిత్ర వేరే రూపం తీసుకుంది. 1960ల మొదట్లో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్, 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాక 1984లో ఎద్దుమైలారంలో యుద్ధ వాహనాల ఆయుధ కర్మాగారం, మధ్యలో ప్రైవేటు పారిశ్రామికవాడలు. సైనిక వాహనాలు వచ్చిన దారి పక్కనే ఢిల్లీ రాజ్యం యజమానిగా, టౌన్‌షిప్పుగా, పీఎఫ్‌గా వచ్చింది. దేశంలోని అన్ని మూలల వాళ్లూ ఒక కాలనీలో బతికారు. భారతీయత అనే మాట చాలామందికి ఇక్కడ పాఠ్యపుస్తకంలోంచి కాక కొలువులోంచి వచ్చింది.

ముల్కీ వాదం ఇక్కడే తడబడుతుంది. 1975 ఉత్తర్వులు, 610 జీవో రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలకు సంబంధించినవి. కేంద్ర సంస్థలకు, ప్రైవేటు ఫ్యాక్టరీలకు అవి వర్తించలేదు. భూమి ఇచ్చిన ఊరివాడు గేటు బయట, వేరే రాష్ట్రపు కాంట్రాక్టు కార్మికుడు తక్కువ కూలికి గేటు లోపల. ఆ కార్మికుడు మాట్లాడేది బీదర్ కన్నడమో, నాందేడ్ మరాఠీయో అయితే అతన్ని గైర్ ముల్కీ అనడం చరిత్ర ప్రకారం తప్పు. 1948లో అతని తాతా ముల్కీయే. స్థానికుడెవరన్న ప్రశ్నకు 1956 సరిహద్దు గీతలు ఇచ్చే జవాబు వేరు, 1948 జ్ఞాపకం ఇచ్చే జవాబు వేరు. సెప్టెంబర్ 17 మీద వాదించే పార్టీలేవీ ఈ తేడాను కార్మికుడి ముందు ఉంచలేదు. హైదరాబాద్ కార్మిక సంఘాల తొలి నాయకుల్లో ఒకడైన మఖ్దూం పుట్టిన జిల్లాలో ఆ పని జరగాల్సింది.

ఇంకా తేలనివి

మొదటిది మృతుల సంఖ్య. సుందర్‌లాల్ బృందం అంచనా వేసింది, జాబితా వేయలేదు. రెండు లక్షల దాకా వెళ్లిన అంచనాలూ ఉన్నాయి, వేళ్ల మీద లెక్కపెట్టే అంచనాలూ ఉన్నాయి. రజాకార్ల చేతిలో పోయినవారికీ, 1948 తర్వాత పోయిన కమ్యూనిస్టు రైతులకూ ఇదే దుస్థితి. వేర్వేరు పక్షాల అమరుల జాబితాలున్నాయి, ఒక్క ప్రజా జాబితా లేదు. రెండోది భూమి. యుద్ధం, హింస, నిర్బంధం నడుమ చేతులు మారిన పొలాలు, ఇళ్లు ఎన్ని? జవాబు ఢిల్లీలో లేదు. తాలూకా కచేరీల ఉర్దూ పహాణీల్లో ఉంది, వాటిని చదవగల పాత మున్షీల తరం వెళ్లిపోతోంది. మూడోది ఉద్దేశం: ఢిల్లీ నిర్ణయంలో నిజాం వాటా ఎంత, కమ్యూనిస్టుల వాటా ఎంత అన్నది పత్రాలన్నీ తెరిస్తే తప్ప తేలదు.

పేరు గొడవ ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్నీ తేల్చదు. ఏ ప్రభుత్వం ఏ పేరు పెట్టినా మరుసటి ప్రభుత్వం మార్చగలదు. మృతుల జాబితాను ఎవరూ మార్చలేరు. సుందర్‌లాల్ నివేదిక మెదక్ పేరు చెప్పింది, ఊళ్ల పేర్లు ఇక్కడి వాళ్లే చెప్పాలి. సంగారెడ్డి, మెదక్, సిద్దిపేట జిల్లాల్లో 1946 నుంచి 1951 దాకా చనిపోయినవారి పేర్లు, రజాకార్ల చేతిలో పోయినా, సైన్యం చేతిలో పోయినా, పొరుగువారి చేతిలో పోయినా, ఊరివారీగా నమోదు చేసే పనికి జిల్లా యంత్రాంగం, ఉస్మానియా చరిత్ర శాఖ, కార్మిక సంఘాలు కలిసి పూనుకోవాలి. బీదర్, నాందేడ్ జిల్లాలను కూడా అందులో చేర్చుకోవాలి. ఆనాడు పదేళ్లున్న పిల్లల వయసు ఇప్పుడు తొంభై దరిదాపుల్లో ఉంది. ఈ పని ఇంకో అయిదేళ్లు వాయిదా పడితే అడగడానికి ఎవరూ ఉండరు.